పల్లం మడిలో నేల కింద పైపులు వేయిస్తే నీరు దిగుతుందా?

పోలాకి రైతు:
మాది వంశధార ఎడమ కాలువ కింద 1 ఎకరం 70 సెంట్లు. మూడు వైపులా మడులు మాకంటే ఎత్తు, కాబట్టి అందరి నీళ్లూ చివరికి నా మడిలోకే వస్తాయి. ఉభాలప్పుడు, అంటే నాట్లప్పుడు, అది బాగానే ఉంటుంది. కోతలకే ఏడుపు. పోయిన కార్తీకంలో కోసి పనలు వేసిన మర్నాడే వాన. నాలుగు రోజులు పనలు నీళ్లలోనే నానాయి. కంకి పట్టి చూస్తే గింజగింజకీ తెల్లటి మొలక. కోతకు ముందు చల్లిన మినుములు కుళ్లి కంపు కొట్టాయి. ఎగువ మడిలో అదే విత్తనం చక్కగా మొలిచింది!

జపాన్‌లో వరి మడి కింద పైపులు వేసి, కావాలంటే నీరు పెట్టి, వద్దంటే తీసేస్తున్న వీడియో చూశాం. మావాడు వేయిద్దామంటున్నాడు. ఎవరైనా వేయించారా?

గట్టు మీద మనిషి:
అన్నా, దాని పేరు ఫోయాస్. సుమారు 10 మీటర్లకొక చిల్లుల పైపు. దానికి అడ్డంగా, మీటరుకొకటి చొప్పున 40 సెంటీమీటర్ల లోతున ఎలుక బొరియల్లాంటివి లాగుతారు. ఏటా దమ్ము చేసి అడుగున గట్టి పొర తయారవుతుంది కదా, అది నీటిని దిగనివ్వదు. ఉత్త పైపు పాతితే పైన నీరు పైనే ఉంటుంది. అక్కడ పైపు మీద ఊక కూడా పోస్తారు. చివర ఒక గొట్టం ఎత్తితే మడిలో 20 సెంటీమీటర్ల దాకా నీరు నిలుస్తుంది, దించితే నేల కింద 30 దాకా దిగుతుంది.

ఊక మన మిల్లుల్లో దొరుకుతుంది. పైపు నోరు ఎక్కడ తెరుస్తారు? ముందు అది చెప్పండి.

బాపట్ల నుంచి:
మా వైపు ఉప్పుగుండూరు, కొనంకిలో శాస్త్రవేత్తలు నేల కింద పైపులు వేయించారు. అది ఉప్పు, ముంపు భూముల కోసం, చాలామంది పొలాలు కలిపి చేసిన పని. మీరొక్కరే వేస్తే పక్కవాళ్ల ఊటా మీ పైపులోకే వస్తుందండీ.

పోలాకి రైతు:
తాపీ మేస్త్రి దగ్గర లెవెల్ ట్యూబ్ అడిగి తెచ్చి, నేనూ మావాడూ చూశాం. మా మడి నీరు పోవాల్సింది పక్కనున్న గెడ్డలోకే, అంటే వాగులోకి. మడి నేల నుంచి గెడ్డ అడుక్కి అడుగున్నర కూడా లేదు. అందులోనూ సగం ఒండ్రు, పైన గుర్రపుడెక్క.

గట్టు మీద మనిషి:
అయితే పైపు మాట మానేయండి. రెండడుగుల లోతున పాతితే నోరు గెడ్డ అడుగుకంటే కిందకు పోతుంది. గెడ్డ పొంగిన రోజు మీ డబ్బుతో మీ మడిలోకే నీరు తెచ్చుకున్నట్టు! సంపు తవ్వి మోటారు పెట్టొచ్చు గానీ, ఎకరంన్నరకి ఆ టెన్షన్ ఎందుకు?

ఎగువ గట్టు వెంట బోదె తీసి, పై మడుల నీరు మీ మడిలో దిగకుండా పక్క నుంచే గెడ్డకు పోనివ్వండి. రెండు వరసల ఊడుపు పోతుంది, పోనీ. గెడ్డలో మీ బోదె కలిసే చోటు నుంచి దిగువకు ఒండ్రు తీయకపోతే మాత్రం అదీ దండగే.

పోలాకి రైతు:
బోదెకి ఎగువ గట్టు కొంత చెక్కాలి. ఆ మడి మా బావది, గట్టు మాటెత్తితే చాలు ముఖం మాడ్చుకుంటాడు. ఆదివారం ఇంటికెళ్లి అడుగుతాను.