ఏడో తరగతి, లంచ్ తర్వాత పీరియడ్: బయట నిలబెడితే వాడికి పండగలా ఉంది, ఏం చేయాలి?

రేకులగది_టీచర్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో బోడుప్పల్ వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను, వచ్చి రెండో ఏడు. ఏడో తరగతిలో 47 మంది, రేకుల గది, రెండు ఫ్యాన్లలో ఒకటి తిరుగుతుంది కానీ గాలి రాదు. చివరి బెంచీలో ఒక పిల్లాడున్నాడు. క్లాసు కాస్త సర్దుకుంది అనుకునేలోపు మేక అరుపు. వాడు మొదలుపెడితే పదిమంది అందుకుంటారు, 40 నిమిషాల పీరియడ్‌లో సగం "సైలెన్స్" అనడానికే పోతోంది.

చేసినవన్నీ చెప్తాను, దాచుకోను. తిట్టాను. ముందు బెంచీలో కూర్చోబెట్టాను, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి వెక్కిరించాడు. గుంజీలు తీయించాను, నవ్వుతూ తీశాడు, క్లాసంతా లెక్కపెట్టింది. డైరీలో రాసి పంపితే నాన్న సంతకం వాడే పెట్టుకొచ్చాడు. ఇప్పుడు రోజూ బయట నిలబెడుతున్నాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, పీటీఎంకి (పేరెంట్స్ మీటింగ్) వచ్చి "తోలు తీయండి మేడం, నేనేం అడగను" అని దండం పెట్టారు. పోయిన గురువారం ఆగలేక వీపు మీద ఒకటి వేశాను. వాడు ఏడవలేదు, నేనే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

"క్లాస్ కంట్రోల్ లేకపోతే కష్టం" అంటారు మా మేడం, ఎలా కంట్రోల్ చేయాలో మాత్రం చెప్పరు. బెత్తం లేకుండా మీరంతా ఎలా నడుపుతున్నారు? "ప్రేమగా చెప్పండి" అనొద్దు ప్లీజ్, అదీ అయింది.

పాత_బెత్తం:
మా రోజుల్లో గోడకుర్చీ, తొడపాశం, ఎర్రటెండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, అన్నీ తిన్నాం, బాగుపడలేదా? దండం దశగుణం భవేత్ అని ఊరికే అనలేదు. తండ్రే కొట్టమన్నాడు కదమ్మా, ఇంక టెన్షన్ దేనికి?

సుద్దముక్క_సార్:
అమ్మా, నేను 22 ఏళ్లుగా సర్కారు హైస్కూళ్లలో లెక్కలు చెప్తున్నాను, మొదట్లో నేనూ కొట్టినవాణ్నే, కాబట్టి మీ గురువారం నాకు తెలుసు. ముందు పైన పెద్దాయన మాట తేల్చేద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 17 ఉంది, కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం, ప్రైవేటు స్కూలైనా అంతే, తండ్రి ఒప్పుకున్నా అంతే. సార్ చెప్పిన గోడకుర్చీ ఉంది చూశారా, బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాల్లో అది కూడా శారీరక శిక్షే. దెబ్బ అటూఇటూ అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75 పెట్టొచ్చు, జైలు కూడా పడొచ్చు. ఇవాళ దండం పెట్టిన తండ్రే రేపు వీపు మీద వాత కనబడితే స్టేషన్‌కి పోతాడు, అప్పుడు మీ మేనేజ్‌మెంట్ మీకు తోడు రాదు.

ఇక అసలు సంగతి. వాడు అరుస్తున్నాడు, మీరు బయటికి పంపుతున్నారు, మర్నాడు మళ్లీ అరుస్తున్నాడు. బయటికి పోవడమే వాడికి కావాలేమో అని ఎప్పుడైనా అనిపించిందా? నా దగ్గర ఒక పోరడు ఉండేవాడు, సరిగ్గా నేను హోంవర్క్ చూసే టైముకి పక్కోడి పెన్ను లాక్కుని లొల్లి పెట్టుకునేవాడు. నేను గెటవుట్ అనేవాణ్ని, వాడి హోంవర్క్ ఏనాడూ చూడలేదు. నాటకం వాడు రాస్తే నేను డైలాగ్ చెప్తున్నానని తెలియడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పేజీకి మూడు గడులు: అరుపుకి ముందు క్లాసులో ఏం జరుగుతోంది, వాడేం చేశాడు, దానివల్ల వాడికి ఏం దొరికింది లేదా ఏం తప్పింది. మూడో గడే ముఖ్యం. పది రోజులు రాయండి, ఈలోగా ఏ శిక్షా మొదలుపెట్టకండి.

మిగతా 46 మంది విషయానికొస్తే, బీఈడీలో చదివి మర్చిపోయిన పేరొకటి గుర్తు చేస్తాను, జాకబ్ కూనిన్. అమెరికాలో క్లాసుల వీడియోలు తీసి చూశాడు, 1970లో పుస్తకంగా వచ్చింది. అల్లరి మొదలయ్యాక మంచి టీచర్ చేసేదీ, మామూలు టీచర్ చేసేదీ పెద్ద తేడా ఏం లేదట, తేడా అంతా అల్లరికి ముందే ఉందని తేల్చాడు. వీళ్లకి వీపుకి కూడా కళ్లున్నాయి అని పిల్లలకి అనిపించాలి. నేనైతే బోర్డు మీద రాయాల్సింది లంచ్‌లోనే రాసేసుకుంటాను, పీరియడ్‌లో వాళ్లకి వీపు చూపించను. బెంచీల మధ్య తిరుగుతాను. ఎవడైనా కదిలితే అరవను, పాఠం చెప్తూనే వెళ్లి వాడి పక్కన నిలబడతాను. మోకాళ్ల నొప్పులు గ్యారంటీ, గొంతు మాత్రం మిగిలింది. ఇంకో మాట, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచర్ ఉండాలని ఆ చట్టమే చెప్తోంది, మీ గదిలో 47. అది మీ తప్పు కాదు.

మల్కాజ్‌గిరి_అమ్మ:
నేను టీచర్‌ని కాను మేడం, "అలాంటి పిల్లాడి" అమ్మని. మావాడికి ఎనిమిదేళ్లప్పుడు రోజూ ఫిర్యాదే, పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు, పొగరు అని. నేనూ నమ్మి కొట్టాను. చివరికి మా ఆడపడుచు పోరు పెడితే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్తే, ఎడమ చెవి లోపల చీము పట్టి సగం వినిపించట్లేదని తేలింది. క్లాసులో వాణ్ని కూర్చోబెట్టింది కుడివైపు గోడ పక్కన. అంటే వినపడే చెవి గోడకి, వినపడని చెవి టీచర్‌కి! అందుకే అంటున్నా, చూపు, వినికిడి ఒకసారి చూపించమని వాళ్ల నాన్నకి చెప్పండి. కళ్లకైతే మెహదీపట్నంలో సరోజినీదేవి ఉంది, ఆటోవాళ్లకి దారి చెప్పక్కర్లేదు.

ఎవరో ఒకరు ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) అనేస్తారు, మాకూ అన్నారు. అది ఒక్క పీరియడ్‌లో అల్లరి చూసి చెప్పేది కాదట, ఇంట్లో, బడిలో రెండు చోట్లా ఉండాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి అని డాక్టర్ గారు చెప్పారు. మీవాడు మిగతా పీరియడ్లలో ఎలా ఉంటాడో అడిగారా?

పాత_బెత్తం:
ఇంతమంది పిల్లలతో నోట్‌బుక్కులు రాసుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు సార్?

సుద్దముక్క_సార్:
మేడం లెక్క ప్రకారమే పీరియడ్‌లో సగం "సైలెన్స్"కే పోతోంది కదా అన్నా. నోట్‌బుక్‌కి రెండు నిమిషాలు.

రేకులగది_టీచర్:
రెండు వారాలైంది, చెప్పాలని వచ్చాను. రాసి చూస్తే 11 సార్లు అరిచాడు, అందులో 9 సార్లు నేను పిల్లలతో పాఠం పైకి చదివిస్తున్నప్పుడే. ఒక్కో వరుస చదువుకుంటూ వస్తారు, వాడి వంతుకి ముగ్గురు ఉన్నారనగా మేక వస్తుంది. మూడో గడిలో 9 సార్లూ ఒకటే రాశాను: చదవడం తప్పింది. పీఈటీ సార్‌ని అడిగితే "వాడా, బంగారం" అన్నారు, మ్యాథ్స్ మేడం పర్లేదు అన్నారు.

వాణ్ని విడిగా పిలిచి పుస్తకం ఇచ్చాను. ఇంగ్లిష్‌లో అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు మేడం, ఒక లైను చదవడానికి చెమటలు పట్టాయి. ఐదు దాకా ఊళ్లో తెలుగు మీడియం, పోయినేడు ఇక్కడికొచ్చి నేరుగా ఇంగ్లిష్ మీడియం ఆరులో కూర్చున్నాడు. ఇన్నాళ్లూ నాకు తెలియదు, తెలియకుండా ఉండటానికి వాడు ఎంత కష్టపడ్డాడో.

ఇప్పుడు బయట నిలబెట్టడం మానేశాను. వరుసగా చదివించడం కూడా ఆపాను, వాడు చదవాల్సిన రెండు లైన్లు ముందురోజే చెప్పి పంపుతున్నాను, ఇంట్లో అక్కతో చదివించుకుని వస్తున్నాడు. మొన్న తడబడుతూనే చదివాడు, ఒకడు నవ్వబోయాడు, నేను వెళ్లి వాడి పక్కన నిలబడ్డాను (సార్ చెప్పినట్టే). కళ్ల పరీక్షకి వాళ్ల నాన్న శనివారం తీసుకెళ్తానన్నారు. కొట్టినందుకు సారీ కూడా చెప్పాను వాడికి, "పర్లేదు మేడం, మా నాన్న గట్టిగ కొడ్తడు" అన్నాడు, అది విని ఏమనాలో తెలియలేదు. వాళ్ల నాన్నతో మళ్లీ కూర్చుని మాట్లాడాలి.

మేక పూర్తిగా పోలేదు, ఈ వారం రెండుసార్లు వచ్చింది. కాకపోతే రెండోసారి అరిచింది వాడు కాదు, మూడో బెంచీలో ఇంకొకడు. ఇంకో నోట్‌బుక్ కొన్నాను.