‘హన్ సు’కి తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మా నాన్నగారికి కొరియన్ సినిమాలు ఇష్టం. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగంగా వెళ్ళిపోతాయి, ఆయనకి అందవు. అందుకని నేను పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటాను. పోయిన ఆదివారం 2014లో వచ్చిన ‘షినే హన్ సు’ పెట్టాం. ఇంగ్లీషులో ‘ద డివైన్ మూవ్’ అన్నారు. జంగ్ వూ సంగ్ హీరో. బాదుక్ అనే ఆట మీద పెద్ద పెద్ద పందేలు కాసే ముఠాల కథ, పగ కథ. బాదుక్ అంటే ఇంగ్లీషులో ‘గో’ అని పిలిచే ఆటే. నిలువుగా పంతొమ్మిది గీతలు, అడ్డంగా పంతొమ్మిది, మొత్తం 361 కూడళ్ళు. ఒకరివి నల్ల కాయలు, మరొకరివి తెల్లవి. కూడలి మీద కాయ పెట్టాక అది ఇక కదలదు. నాలుగు వైపులా చుట్టుముడితే చచ్చిపోతుంది, తీసేస్తారు.

హీరో బాదుక్ ఆటగాడు. అన్న పందెం ఆటకి కూర్చుంటే, తమ్ముడు దూరం నుంచి రహస్యంగా సాయం చేస్తాడు. మోసం బయటపడి అన్నని చంపేస్తారు. ఆ హత్య తమ్ముడి మీదే పడుతుంది, జైలుకి పోతాడు. అక్కణ్ణుంచి కథ.

నేను అలవాటుగా “ఇప్పుడు వీడు పావులు కదుపుతున్నాడు నాన్నా” అన్నాను. ఆయన వెంటనే, “కదపడమేంటమ్మా? ఇందాకటి నుంచి చూస్తున్నా, ఒక్క కాయ కూడా కదల్లేదు. పెడుతున్నారంతే” అన్నారు. నిజమే కదా! పేపర్లలో రోజూ చదివే మాట నోటికొచ్చేసింది. కాసేపటికి తెల్లకాయల గుంపు ఒకటి నల్లకాయల మధ్య ఇరుక్కుంది. నేను నోరు తెరిచేలోపే ఆయన “కట్టు పడిపోయింది” అన్నారు. చిన్నప్పుడు గుడి మండపంలో బండ మీద గీసుకుని పులిజూదం ఆడిన మనిషి. మేకలు చుట్టేసి పులికి కదిలే దారి లేకుండా చేస్తే అందులో కట్టు అంటారు. ఆ మాట ఎంత సరిగ్గా అతికిందో చూడండి.

ఇప్పుడు నా సందేహం. ‘షిన్’ అంటే దేవుడు, ‘హన్’ అంటే ఒక, ‘సు’ అంటే ఆటలో వేసే ఎత్తు. మరి ‘షినే హన్ సు’ని ఏమనాలి? దేవుడి పాచిక అందామా? బ్రహ్మాస్త్రం? ఇంకేదైనా?

జవాబు 1

అమ్మా, పాచిక మాత్రం వద్దు. మనకి జూదం, పగ అనగానే శకుని గుర్తొస్తాడు కాబట్టి ఆ మాట ముందుగా తోస్తుంది. కానీ పాచిక పారడం, పారకపోవడం చేతిలో ఉండదు. మీరు చెప్పిన ఆటలో అదృష్టానికి చోటు లేదు. కాయలన్నీ ఇద్దరి కళ్ళ ముందే ఉంటాయి. అందుకే ఆ కథలో మోసం చేయాలంటే బయటినుంచి ఎవరో చెప్పాల్సి వచ్చింది. పలక మీద దాచడానికి ఏమీ లేదు.

బ్రహ్మాస్త్రం కూడా కుదరదు. అది ముందే అమ్ములపొదిలో ఉండేది, సమయం చూసి తీస్తారు. ఇది అప్పటికప్పుడు తోచాల్సింది.

ఇంకో సంగతి. మీ నాన్నగారి పులిజూదం మాటని వదిలేయకండి. సంస్కృతంలో ద్యూతం, ప్రాకృతం మీదుగా మనకి జూదం అయింది. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పైసా పందెం ఉండదు, అయినా పేరు జూదమే. అంటే తెలుగులో జూదం అన్నది డబ్బు ఒడ్డే ఆటకీ పేరే, గళ్ళూ గీతల మీద ఆడే ఆటకీ పేరే. ఈ సినిమా కథ నడిచేదే ఆ రెండూ కలిసేచోట. ‘ఒడ్డు’ అనే క్రియ కూడా అక్కడిదే. పందెం ఒడ్డాడు అంటాం, ప్రాణాలొడ్డి కాపాడాడు అంటాం. రెండో మాట వాడేటప్పుడు జూదం ఎవరికీ గుర్తు రాదు. ‘దైవపుటెత్తు’ అని నా సూచన.

జవాబు 2

నేను చదువు కోసం వచ్చి మూడేళ్ళుగా సియోల్‌లో ఉంటున్నాను అక్కా. ‘సు’ గురించి నాకు తెలిసింది చెబుతాను. దాని చైనా అక్షరానికి అర్థం ‘చెయ్యి’. అదే అక్షరం మనుషులకీ పెడతారు. ఆటగాడు సన్సు, వడ్రంగి మోక్సు, హంతకుడు సల్సు. ఈ సినిమాలో మోక్సు, సల్సు అనే పేర్లతోనే పాత్రలున్నాయి, గమనించారా? 2019లో వచ్చిన రెండో సినిమా కథానాయకుడు గ్విసు, అంటే దెయ్యం చెయ్యి. మీరు చూసిన మొదటి సినిమాలో పక్క గదిలో ఉన్న మనిషితో జైలు గోడ మీద తట్టుతూ ఆడతాడు కదా హీరో, ఆ మనిషి కథే అది.

ఇక్కడ బాదుక్ కాయ పట్టనివాళ్ళు కూడా రోజూ ఈ మాటలు వాడతారు. తెలివైన ఎత్తు మ్యోసు. తాహతుకు మించి వేసింది మురిసు. తన గొయ్యి తానే తవ్వుకునేది జాచుంగ్సు. పక్కన నిలబడి ఉచిత సలహా ఇవ్వడం హున్సు. రాజకీయ వార్తల్లో, ఆఫీసు కబుర్లలో ఇవి దొర్లుతూనే ఉంటాయి. ‘షినే హన్ సు’ కూడా అంతే. ఎవరైనా సరైన సమయంలో సరైన పని చేస్తే, ఉదాహరణకి ఫుట్‌బాల్ కోచ్ ఒక ఆటగాణ్ణి మార్చి మ్యాచ్ గెలిస్తే, ఆ మాటే అంటారు.

2016 మార్చిలో ఇదే ఊళ్ళో కొరియా బాదుక్ ఆటగాడు లీ సెడాల్, ఆల్ఫాగో అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో అయిదు ఆటలు ఆడాడు. మొదటి మూడూ ఓడిపోయాడు. 13వ తేదీన నాలుగో ఆటలో 78వ ఎత్తుగా, కంప్యూటర్ కాయల మధ్యలోకి ఒక తెల్లకాయ దూర్చాడు. ఆట తిరగబడింది. గెలిచాడు. చైనా ఆటగాడు గూ లీ దాన్ని ‘దేవుడి చెయ్యి’ అన్నాడు. కొరియాలో ఆ 78వ ఎత్తుకి ఈ సినిమా పేరే అతుక్కుపోయింది. చివరికి సెడాల్ 4-1 తేడాతో ఓడాడు కానీ, ఇక్కడివాళ్ళు ముందు గుర్తు చేసుకునేది ఆ ఒక్క కాయనే. అందుకని ‘దేవుడి చెయ్యి’ అంటే ఎలా ఉంటుంది?

అడిగినవారి జవాబు

తమ్ముడూ, ఎంత మంచి సంగతులు చెప్పావు! అయితే తెలుగులో ‘దేవుడి చెయ్యి’ అంటే దేవుడు ఆదుకున్నాడనే వినిపిస్తుంది. ఆడినవాడి గొప్పతనం పోతుంది. చెయ్యిని ఇంకోచోట వాడుకుందాం. బాదుక్‌లో ఆరితేరినవాణ్ణి ‘గోసు’ అంటారట, అంటే పై చెయ్యి. దానికి మన ‘అందెవేసిన చెయ్యి’ ఉంది. అక్కడా చెయ్యే, ఇక్కడా చెయ్యే. ఇది దొరికినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

మాస్టారూ, ‘ఎత్తు’ దగ్గర నాకో ఇబ్బంది. ఎత్తడం అంటే పైకి తీయడం. చదరంగంలో పావుని ఒక గడిలోంచి ఎత్తి ఇంకో గడిలో పెడతాం కాబట్టి ఎత్తు అన్నారేమో. బాదుక్‌లో పెట్టిన కాయని ఎత్తరు. ఎత్తారంటే అది చచ్చినట్టే. నేను పావులు కదిపి చేసిన పొరపాటే మళ్ళీ చేస్తున్నానా?

జవాబు 3

పొరపాటేం లేదండీ. ‘ఎత్తు’ పక్కన మనం ఏ క్రియ వాడతామో చూడండి. ఎత్తు ‘వేశాడు’ అంటాం. నామవాచకం పైకి తీస్తోంది, క్రియ కింద పెడుతోంది. కాయ పెట్టడం ఆ వేయడంలోనే వచ్చేసింది. పైగా ఎత్తుకు పైఎత్తు అనేటప్పుడు ఎవరి మనసులోనూ చదరంగం బల్ల ఉండదు. ఆ మాట ఆట దాటి ఎప్పుడో బయటికొచ్చింది, కొరియా వాళ్ళ ‘సు’ వచ్చినట్టే.

నేను వంటింట్లో ఉండి ఇది చదువుతుంటే ఇంకొకటి తట్టింది. మా అత్తగారు బంధువుల పెళ్ళి నుంచి వచ్చి, “వంటలన్నీ ఒక ఎత్తు, ఆ గుత్తివంకాయ ఒక్కటీ ఒక ఎత్తు” అంటున్నారు. ఆగిపోయాను. ‘హన్ సు’ని మాటకి మాట పెడితే ‘ఒక ఎత్తు’. తెలుగులో ‘ఒక ఎత్తు’ అంటే త్రాసులో ఒక పక్క మొత్తానికి సరితూగేది అనే అర్థం ముందునుంచీ ఉంది. ఆట మొత్తం ఒక ఎత్తు, ఆ ఒక్క కాయ ఒక ఎత్తు. లీ సెడాల్ 78వ ఎత్తు సంగతి అదే కదా! కొరియన్‌లో లేని బరువు తెలుగులో ఉచితంగా దొరుకుతోంది. మాస్టారు చెప్పిన ‘దైవపుటెత్తు’లో ఆ ‘ఒక’ పోతుంది. ‘దేవుడి ఒక్క ఎత్తు’ అనండి.

జవాబు 1 ఇచ్చినవారు మళ్ళీ

ఒప్పుకుంటున్నానమ్మా. సమాసం చేయాలనే తొందరలో ‘ఒక’ని మింగేశాను. అది ఉండాలి.

అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నాన్నగారికి ‘దేవుడి ఒక్క ఎత్తు’ అని చెప్పి చూశాను. విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. “అన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు అన్నమాట” అని ఆయనే అన్నారు.

సినిమాలో భాగాలకి బాదుక్ మాటలే శీర్షికలుగా వేశారు. ఆట పోవడానికి కారణమైన ఎత్తుని ‘ఫేచక్’ అంటారు. దానికి నేను ‘కొంపముంచిన ఎత్తు’ అనే చెబుతున్నాను. కాయల గుంపు బతుకుతుందా చస్తుందా అన్నది ‘సాహ్వల్’. మనకి చావుబతుకులు ఉండనే ఉంది. కాయలు చావడం మనకి కొత్తేమీ కాదు. పచ్చీసులో కాయలు చస్తాయి, పండుతాయి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం సినిమా శీర్షికల్లోది కాదు, ఆటగాళ్ళందరి మాట, ‘బోక్కి’. ఆట అయిపోయాక గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ లేవకుండా కూర్చుని మొదటి కాయ నుంచి మళ్ళీ వరసగా పెట్టుకుంటూ వస్తారు. ఎక్కడ పోయింది, అక్కడ ఇంకేం వేయొచ్చు అని చూసుకుంటారు. ఇందులో ‘బోక్’ అంటే తిరిగి. కొరియన్‌లో పగ తీర్చుకోవడం ‘బోక్సు’. అందులోనూ అదే ‘బోక్’. (చివర ఉన్న ‘సు’ మాత్రం చెయ్యి కాదు, వేరే అక్షరం.) జైలు గదిలో కూర్చున్న హీరో చేసింది ముందు మొదటిది, ఆ తర్వాత రెండోది. మన ‘ప్రతీకారం’లో ‘ప్రతి’ కూడా తిరిగి చేయడమే. కానీ బోక్కికి మాట దొరక్క, సమీక్ష, పునశ్చరణ, ఇలా ఏవేవో అన్నాను. నాన్నగారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

పొద్దున కాఫీ తాగుతూ అన్నారు, “నెమరువేయడం అనమ్మా. గొడ్డు సాయంత్రం తీరిగ్గా కూర్చుని, పొద్దున మేసిందంతా మళ్ళీ నోట్లోకి తెచ్చుకుంటుంది చూడు, అది.” ఇందులోనూ ‘వేయడం’ ఉంది. బోక్కికి నేను ‘నెమరు’ ఖాయం చేసుకున్నాను. వచ్చే ఆదివారం గ్విసు సినిమా పెడుతున్నాం. దెయ్యం చెయ్యి అనాలా, ఇంకేమైనా అనాలా, శనివారంలోగా చెప్పండి.