‘ఎములాడ’ తప్పుడు మాటనా?

హనుమకొండ బస్టాండుల కండక్టరు "ఎములాడ, ఎములాడ" అని ఒకటే పిలుస్తుంటడు. బస్సు బోర్డు మీద మాత్రం ‘వేములవాడ’ అని ఉంటది. మా చిన్నోడు బడి నోట్సుల "ఎములాడ పోయి కోడెను కట్టినం" అని రాస్తే ఎర్రసిరాతోని గీత పడ్డది, పక్కన "అశుద్ధం" అని ఒక మాట. "మరి మనమంత తప్పే మాట్లాడుతున్నమా బాపూ?" అని అడిగిండు. నాకు జవాబు దొరకలే. ఇది నోరు తిరగక అనుడా, లేకపోతే దీనికి ఒక పద్ధతి ఉన్నదా? తెలిసినోళ్లు చెప్పాలె.

జవాబు:

అన్నా, పరీక్షల మాత్రం వేములవాడ అనే రాయమను, మార్కులు పోగొట్టుకునుడెందుకు? కానీ ఆ ‘శుద్ధ’ రూపం కూడా మొదటినుంచి ఉన్నది కాదు. బోధన్ నుంచి ఇక్కడికి వచ్చి రాష్ట్రకూటులకు సామంతులుగా ఏలిన చాళుక్యుల కాలంల ఈ ఊరి పేరు వేరు. మూడో అరికేసరి 966ల వేయించిన పర్భణి తామ్రశాసనంల రాజధాని పేరు ‘లేంబులపాటక’. అంటే మొదటి అక్షరం ల, వ కాదు. 941ల ‘విక్రమార్జున విజయం’ రాసిన పంపకవి ఉన్నది రెండో అరికేసరి కొలువుల. అంటే ఆ కవి ఎరిగిన ఊరు కూడా లకారంతోనే మొదలై ఉంటది.

లేంబుల ఎట్ల వేముల అయిందంటే, నా మటుకు జనం ఆ పేరుల వేపచెట్టును విన్నరు. వేము అంటే వేపే కదా. అర్థం తెలియని పేరుకు తెలిసిన చెట్టును తగిలిస్తే పలుకుడు అలుకగైతది. ఇది నా ఊహనే, పట్టుబట్టను. చివరి ‘వాడ’ మాత్రం వాటక, పాటక అనే మాటల తోబుట్టువు. మనం ఇయ్యాల్టికీ అనే ‘వాడకట్టు’ల ఉన్నదదే.

ఇగ ఎములాడ సంగతి. మనకాడ ఇ, ఈ, ఎ, ఏల ముందర వకారం నిలువదు. వెన్నెల ఎన్నెల, వెంకటి ఎంకటి, విను ఇను, వీపు ఈపు, వేలు ఏలు. చెట్టు వేరు కూడా ఏరే అయితది, అందుకే మా దిక్కు చెట్టుకూ ఏరే, మానేరులనూ ఏరే. ఈ లెక్కనే వేముల కాస్తా ఏముల అయింది. నడుమ ‘లవా’ కరిగి ‘లా’ అయింది. మాట పొడుగైతే మొదటి దీర్ఘం కురచైతది. అన్నీ కలిస్తే ఎములాడ. నోరు తిరగనోడు ఒక్కో తీరుగ తప్పుతడు. ఇక్కడ ములుగు నుంచి సిరిసిల్ల దాకా అందరూ ఒక్క తీరుగనే అంటున్నరు కదా.

మాది మూలవాగు ఒడ్డు. ఆ వాగు ఊరిని ఒరుసుకుంట పోయి మానేరుల కలుస్తది. నా చిన్నతనంల ఎండకాలమొస్తే వాగంత ఇసుకనే. చెలిమె తవ్వి బిందె నింపుకునేటోళ్లం. ఇప్పుడు ఆ రెండూ కలిసే దిక్కు మానువాడ కాడ మధ్యమానేరు కట్టిండ్రు, 25.87 టీఎంసీలది. నీళ్లు మా ఊరిదాకా ఎగదన్నినయి, చెలిమెలు మునిగినయి. ఇప్పటి పిల్లలకు చెలిమె అంటే నేను చేతులతోని చూపించాల్సి వస్తున్నది. మాట పోవాల్నంటే ఎర్రసిరానే అక్కర్లేదు, కింది ఇసుక పోయినా చాలు.

మరొకరు:

మేడారం పోయేముందు ఎములాడ రాజన్నను చూసొచ్చుడు మా ఇంట్ల ఆనవాయితీ. ఎన్నడూ ఎవ్వరూ వేములవాడ అనంగ ఇనలే. ఒక అనుమానం: వేములవాడ భీమకవిది ఈ ఊరేనా?

జవాబు:

అక్కా, గోదావరి జిల్లాల కూడా ఒక వేములవాడ ఉన్నది. భీమకవి కథలల్ల దాక్షారామం భీమేశ్వరుడు వస్తడు కాబట్టి అటువైపోళ్లు మాదంటరు, ఇటువైపోళ్లు మాదంటరు. ఆ పంచాయితీ ఇక్కడ వద్దు. తెలుగు కందం కావాల్నంటే గంగాధర పక్కన కురిక్యాల బొమ్మలగుట్టకు పొండ్రి. పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందపద్యాలు ఆ బండ మీద ఉన్నయి.

మొదట అడిగినాయన:

తమ్మీ, ఒక్కటి తేలలే. వేపను మనం యాప అంటం. పేరుల వేపే ఉంటే యాములాడ కావాలె కదా?

జవాబు:

మంచిగ పట్టినవు అన్నా. పక్క అక్షరంల ‘అ’ ఉంటేనే ఏ నోరు తెరుచుకుంటది. వేప యాప, మేక మ్యాక, వేట యాట. పక్కన ఉ, ఇ ఉంటే తెరుచుకోదు: వేలు ఏలు, వేడి ఏడి. వేముల ‘ము’ల ఉన్నది ఉ, అందుకే యా రాలే. మా అమ్మమ్మ ఒక్క ముక్క చదువుకోలే. "యాపచెట్టు కింద కూసోండ్రి, ఎములాడ బస్సు ఇప్పుడే రాదు" అనేది. రెండు తీర్లూ ఒక్క మాటల్నే, ఏదీ తప్పకుంట.