షోలాపూర్‌లో మా తాత ఆనవాళ్లు ఎక్కడ వెతకాలి?

మా తాతవాళ్లు కరీంనగర్ వైపు పద్మశాలీలు. బతుకుదెరువుకి షోలాపూర్ వెళ్లి బట్టల మిల్లులో చేరారు. 1930లో స్వాతంత్ర్య పోరాటం గొడవలతో అక్కడ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టినప్పుడు ఊళ్లోనే ఉన్నారట. ఆ గొడవల కేసులో 1931 జనవరిలో నలుగురిని ఉరితీసిన సంగతి నాన్నమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఆవిడ బీడీలు చుట్టేది. రేకు కొలత పెట్టి తునికాకు కత్తిరించడం, దారం చుట్టడం చేసి చూపిస్తుంది కూడా!

సంక్రాంతికి, సిద్ధేశ్వర్ జాతర టైముకి వెళ్తున్నా. పాత మిల్లు కార్మికుల రిజిస్టర్లు ఎక్కడైనా దొరుకుతాయా? తెలుగువాళ్లుండే తూర్పు పేటల్లో పెద్దవాళ్లని కలవాలంటే మార్కండేయ గుడిలో అడగొచ్చా? చద్దర్లు చేతిమగ్గం మీద నేసేవాళ్లు ఇంకా ఉన్నారా, అంతా పవర్‌లూమేనా? నాకు మరాఠీ రాదు, అదొక్కటే టెన్షన్. అక్కడివాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.