బీమ్ వంగినప్పుడు పైన స్ట్రెయిన్ ప్లస్సా, మైనస్సా?

మూడో_సెమ్: రెండు రోజులుగా ఇక్కడే ఆగిపోయాను. ఒక పుస్తకంలో స్ట్రెయిన్ (అసలు పొడవులో ఎంత వంతు సాగింది లేదా నొక్కుకుంది అనేది) అంటే మైనస్ వై బై ఆర్. వై అంటే బీమ్ మధ్య పొర నుంచి దూరం, ఆర్ అంటే వంపు రేడియస్. ఇంకోదాంట్లో ఆ మైనస్ లేదు. రెండిట్లోనూ శాగింగే, అంటే బీమ్ మధ్యలో కిందకి కుంగడమే. ఏది నమ్మాలి?

ల్యాబ్_మనిషి: రెండూ కరెక్టేనండి. న్యూట్రల్ యాక్సిస్ (సాగకుండా, నొక్కుకోకుండా ఉండే పొర) నుంచి వై బాణం ఎటు గీశారో చూడండి. పైకి గీస్తే మైనస్ కావాలి, కిందకి గీస్తే అక్కర్లేదు. ఓసారి ఫార్ములా పక్కన పెట్టి మందపాటి స్పాంజి ముక్క తీసుకోండి. పక్క ముఖం మీద పెన్నుతో సమాన దూరంలో నిలువు గీతలు గీసి, మధ్యలో కిందకి కుంగేలా వంచండి. పై కొసలు దగ్గరకొస్తాయి, కింది కొసలు ఎడమవుతాయి. సాగినది ప్లస్, నొక్కుకున్నది మైనస్.

డిజైన్_డెస్క్: అంకెల్లో చూద్దాం. 200 మి.మీ. లోతున్న స్టీల్ బీమ్, పైనా కిందా ఒకేలా ఉన్న సెక్షన్, వంపు రేడియస్ 100 మీటర్లు. అంచుకు వై సగం లోతు, అంటే 100 మి.మీ.; రేడియస్ 1,00,000 మి.మీ. 100ని 1,00,000తో భాగిస్తే 0.001, అంటే 1000 మైక్రోస్ట్రెయిన్ (పది లక్షల్లో వెయ్యి వంతులు). పై అంచున మైనస్, కింద ప్లస్. వై కిందకి కొలిస్తే పై అంచుకు వై విలువే −100. సూత్రంలో మైనస్ లేకపోయినా జవాబు మళ్ళీ −1000.

ల్యాబ్_మనిషి: స్ట్రెయిన్ కొలిచే గేజుల దగ్గర జాగ్రత్త. రెండు గేజులు కలిపే హాఫ్ బ్రిడ్జ్ సర్క్యూట్‌లో పై గేజ్, కింది గేజ్ వైర్లు నేనొకసారి తారుమారుగా కలిపాను. అంకె సరిగ్గానే వచ్చింది, గుర్తు తిరగబడింది. ఒక పూటంతా ఎవరికీ అనుమానం రాలేదు. అప్పట్నుంచి లోడ్ పెట్టే ముందు బీమ్ మధ్యలో చేత్తో నొక్కి, రీడింగ్ ఏ వైపు కదిలిందో రాసుకుంటాను.

కాంక్రీట్_పని: మా దగ్గర నొక్కుడు, అంటే కంప్రెషన్‌నే ప్లస్‌గా రాసేస్తాం, మట్టి లెక్కల వాళ్ళూ అంతే. అది ఇబ్బంది కాదు. ఒక వైపే ఆధారం ఉన్న కాంటిలీవర్ స్లాబ్‌ను శాగింగ్ అనుకుంటేనే ప్రమాదం. అక్కడ టెన్షన్, అంటే సాగడం, పైన. మెయిన్ రాడ్లు కింద వేస్తే సెంట్రింగ్ తీసిన రోజే స్లాబ్ కూలిపోవచ్చు. అందుకే డ్రాయింగ్‌లో ప్లస్, మైనస్ కాకుండా ‘టెన్షన్ పై వైపు’ అని మాటల్లోనే రాస్తాను.

మూడో_సెమ్: స్పాంజి వంచి చూశానండి, గీతలు చూశాక చిక్కు విడిపోయింది. డిఫ్లెక్షన్ (బీమ్ ఎంత కదిలిందనే) సమీకరణంలో మైనస్ కూడా ఇలాంటిదేనా?

డిజైన్_డెస్క్: అదే. శాగింగ్ మూమెంట్ (బీమ్‌ను కిందకి కుంగేలా వంచే ప్రభావం) ప్లస్ అనుకుని డిఫ్లెక్షన్ కిందకి ప్లస్‌గా తీసుకుంటే ఈఐ (బీమ్ వంగకుండా నిలిచే బిగువు) ముందు మైనస్ వస్తుంది, పైకి తీసుకుంటే రాదు.