పీటీఎఫ్‌లు వేసి ఐపీఎల్ చేసినాక ఒక్క నెట్‌వర్క్‌కే దారి పోయింది, పాత సిస్‌రెస్‌కు పోయినా రాలే

ప్రొద్దుటూరు నైట్‌షిఫ్ట్:

అన్నలారా, జెడ్ఓఎస్ (ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద పని చేసేవాళ్ళు ఎవరన్నా ఉంటే కొంచెం చూడండి. నేను ప్రొద్దుటూరులో ఇంటి నుంచే చేస్తాను, మిషన్లు మాత్రం సముద్రం అవతల. ముందు ఆపరేషన్స్‌లో ఉంటి, ఇప్పుడు సిస్టమ్స్ టీములోకి తీసుకున్నారు. కమ్యూనికేషన్స్ సర్వర్ నా నెత్తిన పెట్టినారు. అంటే వీట్యామూ (ఐబీఎమ్ సొంత పద్ధతి నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్), టీసీపీఐపీ (మామూలు ఇంటర్నెట్ పద్ధతి) రెండూ.

శనివారం రాత్రి టెస్ట్ ఎల్‌పార్‌కు (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే ఒక భాగం) మెయింటెనెన్స్. ఎస్ఎమ్‌పీఈలో (సవరణలు ఎక్కించే ఐబీఎమ్ టూల్) రిసీవ్, అప్లై చెక్, అప్లై అన్నీ కాపీ సిస్‌రెస్ (సిస్టమ్ లేచే డిస్క్) మీద ముందే అయిపోయినాయి. కమ్యూనికేషన్స్ సర్వర్ పీటీఎఫ్‌లు (ఐబీఎమ్ ఇచ్చే సవరణలు) కూడా ఒక గుంపు ఉన్నాయి దాంట్లో. కొత్త వాల్యూమ్ నుంచి ఐపీఎల్ (రీబూట్) చేసినాం. వీట్యామ్ లేచింది, టీసీపీఐపీ లేచింది, అన్ని సర్వీసులూ సిద్ధం అని ఈజెడ్ఏఐఎన్11ఐ మెసేజ్ కూడా కన్సోల్ మీద పడింది. టీఎన్3270 (నెట్‌వర్క్ మీద మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్) సెషన్లకు ఏ ఇబ్బందీ లేదు, నేను లాగాన్ అయింది దాంట్లోనే.

బ్యాచ్ మొదలైనాక తెలిసింది. 10.40 తో మొదలయ్యే నెట్‌వర్క్‌కు పోయే ఎఫ్‌టీపీ జాబులన్నీ టైమౌట్. తక్కిన ఊర్లకు పోయేవి సుబ్బరంగా పోతున్నాయి. ట్రేస్‌రూట్ పెడితే మా డిఫాల్ట్ గేట్‌వే వరకు కనపడుతుంది, ఆ తర్వాత అన్నీ నక్షత్రాలే.

మా లీడ్ "పీటీఎఫే, ఇంకేముంది, బ్యాకౌట్ చెయ్" అన్నాడు. పాత సిస్‌రెస్ నుంచి మళ్ళా ఐపీఎల్ చేసినాం. అదే కథ! శుక్రవారం దాకా పని చేసిన కోడే ఇది, ఇప్పుడు పని చేయదంట. సపోర్ట్‌కు కేసు పెట్టినాం, ప్యాకెట్ ట్రేస్ పంపమంటున్నారు. నెట్‌వర్క్ టీమోళ్ళు "మా వైపు ఏమీ మారలేదు" అని ఒక్క ముక్క రాసి పక్కకు తప్పుకున్నారు.

ఇంకో సంగతి. అప్లైలో హోల్డులు (పీటీఎఫ్ మీద ఉండే 'ఆగి చూడు' అనే గుర్తులు) అడ్డం పడితే బైపాస్ పెట్టి తోసేయడం మా టీములో అలవాటు. అదేమన్నా కొంప ముంచిందా అని నా అనుమానం. యాడ మొదలుపెట్టాల?

అనంతపురం ఆపరేటర్:

రిజాల్వర్ (పేరును ఐపీ అడ్రసుగా మార్చేది) చూసినావా? మాకు ఒకసారి ఇట్లనే అయింది. టీసీపీఐపీ డేటా ఫైల్‌లో టీసీపీఐపీజాబ్‌నేమ్ అనే లైను ఉంటుంది గదా, అది స్టార్టెడ్ టాస్క్ పేరుతో కలవకుంటే అప్లికేషన్లు స్టాక్ (నడుస్తా ఉండే టీసీపీఐపీ) దొరకక తిరుగుతాయి. పేరు సర్వర్ మారినా ఇదే గోల. ఎఫ్ రిజాల్వర్,రిఫ్రెష్ కొట్టి చూడు.

ప్రొద్దుటూరు నైట్‌షిఫ్ట్:

చూసినాను అన్నా. పేరు కాకుండా నేరుగా ఐపీ అడ్రసు ఇచ్చినా పోవట్లేదు. జాబ్‌నేమ్ కూడా సరిగానే ఉంది, లేకుంటే తక్కిన ఎఫ్‌టీపీలు కూడా పడిపోవాల గదా.

కొండారెడ్డి బురుజు పక్కనోడు:

తమ్ముడూ, ప్యాకెట్ ట్రేస్ ఇప్పుడే తీయొద్దు. నీకు కావల్సిన ఆధారం నువ్వే రాసినావు పైన. పాత సిస్‌రెస్‌కు పోయినా బాగుపడలేదంటివే, అది పీటీఎఫ్ తప్పు లేదనే సాక్ష్యం. కోడ్ వల్ల వచ్చిన రోగమైతే కోడ్‌తోనే పోవాల. పోలేదు. అయితే ఆ రెండు ఐపీఎల్‌లకూ కామన్ ఏమి ఉందో చూడు. టీసీపీఐపీ ప్రొసీజర్‌లో ప్రొఫైల్ డీడీ (సెట్టింగుల ఫైలు యాడుందో చెప్పే లైను) ఏ డేటాసెట్‌ను (మెయిన్‌ఫ్రేమ్ ఫైలు) చూపిస్తుందో, సిస్‌రెస్ ఏదైనా స్టాక్ చదివేది దాన్నే. ఎవరూ ఆ డేటాసెట్‌ను సిస్‌రెస్ మీద పెట్టరు. ఇంకో కామన్ సంగతి, రెండూ ఐపీఎల్‌లే. అంతకుముందు మెమరీలో ఉన్నదంతా కడుక్కుపోయింది.

నేననుకునేది ఇది. ఎవరో ఎప్పుడో 10.40 కు స్టాటిక్ రూటు (చేత్తో రాసిన దారి) ఓబేఫైల్‌తో ఎక్కించినారు. వీ టీసీపీఐపీ,,ఓబేఫైల్ అని డేటాసెట్ పేరిచ్చి కన్సోల్ మీద కొడితే నడుస్తా ఉండే స్టాక్‌లోకి అప్పటికప్పుడు ఎక్కుతుంది. ప్రొఫైల్ మెంబర్‌లోకి (లైబ్రరీ లోపలి ఫైలు) మాత్రం దానంతట అది ఎక్కదు, ఎవరో ఒకరు ఎడిట్ చేసి రాయాల. మీ ప్రొద్దుటూరు బట్టలంగట్లో నోటిమాట మీద ఇచ్చిన అప్పు ఇట్లనే ఉంటుంది. గుమాస్తా ఉన్నన్నాళ్ళు నడుస్తుంది, చిట్టాలో రాయకుంటే అతను మారిన రోజుకు అప్పూ లేదు, సొమ్మూ లేదు. ఐపీఎల్ నెలల తరబడి ఉండదు కాబట్టి ఇట్లాంటివి మెయింటెనెన్స్ నాడే బయటపడతాయి, నింద పీటీఎఫ్ మోస్తుంది.

డీ టీసీపీఐపీ,,నెట్‌స్టాట్,రూట్ కొట్టు. 10.40 లైను ఉండదని నా పందెం. ఆ లైను లేకుంటే ప్యాకెట్ డిఫాల్ట్ గేట్‌వేకు పోతుంది, దానికి ఆ నెట్‌వర్క్ తెలియదు, అక్కడే చస్తుంది. నీ ట్రేస్‌రూట్ చెప్పేది అదే. ఫ్లాగులు కూడా చూడు. ఎస్ ఉంటే స్టాటిక్, ఓ ఉంటే ఓఎస్‌పీఎఫ్‌తో (రూటర్లు దారులు పంచుకునే పద్ధతి) నేర్చుకున్నది. మీకు ఓఎమ్‌ప్రౌట్ (దారులు తానే నేర్చుకునే ప్రోగ్రామ్) నడుస్తా ఉంటే మాత్రం కథ వేరే, ముందు అది చెప్పు.

తర్వాత పాత సిస్‌లాగ్ (కన్సోల్ మెసేజ్‌ల లాగ్) తీయించి దాంట్లో ఈజెడ్‌జెడ్0060ఐ వెతుకు. వేరీ కమాండ్ ప్రాసెస్ అయిన ప్రతిసారీ ఆ మెసేజ్ పడుతుంది, ఓబేఫైల్ డేటాసెట్ పేరు అక్కడే దొరుకుతుంది. ఎస్‌డీఎస్ఎఫ్ స్క్రీన్ మీద కనపడే లాగ్ చాలదు, ఆర్కైవ్ అడుగు. మీ ప్రొఫైల్‌లో ఎస్ఎమ్ఎఫ్‌కాన్ఫిగ్ కింద టైప్119 ప్రొఫైల్ అని పెట్టి ఉంటే ఇంకా సులభం. ఎస్ఎమ్ఎఫ్ (సిస్టమ్ తనే రాసిపెట్టే రికార్డులు) 119, సబ్‌టైప్ 4 రికార్డుల్లో ఏమి మారిందో కూడా ఉంటుంది. శానా చోట్ల అది పెట్టరు, అది వేరే ఏడుపు.

హోల్డుల సంగతి. బైపాస్ హోల్డ్‌సిస్టమ్ పెట్టడం తప్పు కాదు, చదవకుండా పెట్టడం తప్పు. యాక్షన్ హోల్డ్ అంటే ఈ పీటీఎఫ్ పెట్టేటప్పుడు నీ చేత్తో చేయాల్సిన పని ఒకటి ఉందని. డాక్ హోల్డ్ అంటే పద్ధతి ఏదో మారింది చదువుకోమని. ఐపీఎల్ హోల్డ్‌కు పేరులోనే ఉంది. అప్లై చెక్ రిపోర్టులో అన్నీ వరసగా పడతాయి, ప్రింట్ తీసుకొని గీతలు కొట్టుకుంటా చదువు. బైపాస్ హోల్డ్‌ఎర్రర్ జోలికి మాత్రం పోవద్దు. ఆ పీటీఎఫే తప్పని వాళ్ళే చెప్పి పీఈ అని గుర్తు పెట్టినాక నువ్వు తోసుకొని పోయేదేంది?

ఇంకొకటి, మీ లీడ్ బ్యాకౌట్ అంటే సిస్‌రెస్ మార్చడం అనుకున్నాడు, నయం. ఎస్ఎమ్‌పీఈలో రిస్టోర్ చేయమనలేదు. రిస్టోర్ డిస్ట్రిబ్యూషన్ లైబ్రరీల నుంచి పాత ముక్కలు తెచ్చి పెడుతుంది. కాబట్టి యాక్సెప్ట్ అయిన (అంటే ఆ లైబ్రరీల్లోకి కూడా ఎక్కిన) పీటీఎఫ్‌ను అది తీయలేదు, యాక్సెప్ట్ కానిదాన్ని తీయాలన్నా దాంతో ముడిపడినవన్నీ గొలుసు లాగా వెంటబడి వస్తాయి. ఒక్కటి పీకబోతే పది వస్తాయి.

ప్రొద్దుటూరు నైట్‌షిఫ్ట్:

అన్నా, నీ పందెం నువ్వే గెలిచినావు. నెట్‌స్టాట్ రూట్‌లో 10.40 లేనే లేదు. ఓఎమ్‌ప్రౌట్ లేదు మాకు, అన్నీ స్టాటిక్కే. ఆర్కైవ్ లాగ్‌లో ఈజెడ్‌జెడ్0060ఐ దొరికింది, చలికాలంలో ఎవరో కొట్టినారు. డేటాసెట్ చూస్తే ఒక మనిషి సొంత యూజర్ఐడీ కింద ఉండే లైబ్రరీ! ఆ మనిషి వేరే ప్రాజెక్టుకు పోయినాడు. లైబ్రరీ హెచ్ఎస్ఎమ్ (వాడని ఫైళ్ళను పక్కన దాచేది) మైగ్రేట్ చేసేసింది, రీకాల్ పెడితే వచ్చింది. మెంబర్‌లో బిగిన్‌రూట్స్, ఎండ్‌రూట్స్ మధ్యలో రూట్లన్నీ ఉన్నాయి. దాంట్లో ఇది:

రూట్ 10.40.0.0/16 10.1.1.2 ఓఎస్ఏ1 ఎమ్‌టీయూ 1492

డిఫాల్ట్ లైను మాత్రం ఇప్పుడు ఉండే గేట్‌వే కాదు, ఏదో పాతది. అందుకని ఈ ఒక్క లైను కొత్త మెంబర్‌లో పెట్టి, అటుపక్క బిగిన్‌రూట్స్ ఇటుపక్క ఎండ్‌రూట్స్ రాసి, ఓబేఫైల్ కొట్టేద్దామా? లీడ్ ఇప్పుడే కొట్టమంటున్నాడు.

కొండారెడ్డి బురుజు పక్కనోడు:

ఆగు ఆగు. చెయ్యి తీయి ఎంటర్ మీద నుంచి.

ఓబేఫైల్‌లో బిగిన్‌రూట్స్ బ్లాక్ వస్తే అది ఉన్నవాటికి కలపదు. స్టాక్‌లో ఉండే స్టాటిక్ రూట్లన్నీ తీసేసి దాని స్థానంలో ఈ బ్లాక్ పెడుతుంది. నీ ఒక్క లైను మెంబర్ కొట్టినావనుకో, 10.40 బ్రహ్మాండంగా వస్తుంది, డిఫాల్ట్ రూటు మాయమవుతుంది. నువ్వు ప్రొద్దుటూరు నుంచి పోయే టీఎన్3270 సెషన్‌కు జవాబు వచ్చే దారి ఆ డిఫాల్టే. స్క్రీన్ మీద ఎక్స్ క్లాక్ గుర్తు పడి అట్లే నిలబడిపోతుంది. అప్పుడు అవతల హెచ్ఎమ్‌సీ (మిషన్‌ను నడిపే కన్సోల్) ముందర ఉండే మనిషిని నిద్రలేపి, అతనికి ఫోన్లో అక్షరం అక్షరం చెప్పి కమాండ్ కొట్టించాల. ఆ పాత మెంబర్‌ను ఉన్నది ఉన్నట్టు కొట్టినా ఇదే గతి, గేట్‌వే మారింది గదా. హోమ్ స్టేట్‌మెంట్‌కు (స్టాక్ సొంత ఐపీ అడ్రసుల జాబితా) కూడా ఇదే గుణం, ఇచ్చిన జాబితాతో పాతదంతా పోతుంది.

ఇట్ల చెయ్యి. ఇప్పుడు ప్రొఫైల్‌లో ఉండే బిగిన్‌రూట్స్ బ్లాక్ మొత్తం కోసి వేరే మెంబర్‌లో పెట్టు, పేరు రూట్స్ అనుకుందాం. సొంత ఐడీ లైబ్రరీలో కాదు, టీమందరి టీసీపీఐపీ పారామ్ లైబ్రరీలో. దాంట్లో 10.40 లైను కలుపు. ప్రొఫైల్‌లో ఆ బ్లాక్ ఉన్న చోట ఇంక్లూడ్ అని రాసి ఆ మెంబర్‌ను చూపించు. ఆ తర్వాత వీ టీసీపీఐపీ,,సింటాక్స్‌చెక్ కొట్టు, అది స్టాక్‌ను ముట్టుకోకుండా రాతలో తప్పులు చెప్తుంది. అది బాగుందంటే అదే రూట్స్ మెంబర్‌ను ఓబేఫైల్‌తో ఎక్కించు. ఇకమీద ఎవరు రూటు వేయాలన్నా ఆ మెంబర్‌నే ఎడిట్ చేసి దాన్నే ఓబే చేయాల. ఐపీఎల్‌లో చదివేదీ అదే కాబట్టి మెమరీలో ఒకటి, డిస్క్ మీద ఒకటి అనే పేచీ రాదు.

వీట్యామ్‌లో కూడా ఇదే జబ్బు ఉంటుంది, చూసుకో. వీ నెట్,యాక్ట్,ఐడీ అని చేత్తో లేపిన మేజర్ నోడ్ (వీట్యామ్ నిర్వచనాల గుంపు) ఏటీసీకాన్ మెంబర్‌లో (స్టార్ట్‌లో లేపాల్సినవాటి జాబితా) లేకుంటే తర్వాతి స్టార్ట్‌కు లేవదు. అది ఓఎస్ఏ కార్డుకు (నెట్‌వర్క్ కార్డు) సంబంధించిన టీఆర్ఎల్ అనే నోడ్ అయితే ఇంటర్‌ఫేసే లేవదు, ఒక్క నెట్‌వర్క్ కాదు మొత్తం చీకటే.

ఓబేఫైల్ ఎవరు కొట్టొచ్చో ర్యాక్ఎఫ్‌లో (ఐబీఎమ్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్) ఓపర్‌కమాండ్స్ క్లాస్ కింద కట్టేయొచ్చు. ఎమ్‌వీఎస్.వేరీ.టీసీపీఐపీ.ఓబేఫైల్ అని ప్రొఫైల్ పేరు. మీ సెక్యూరిటీ వాళ్ళను అడుగు.

అనంతపురం ఆపరేటర్:

అన్నా, మాకు పైనుంచి కమాండ్ మెయిల్లో వస్తుంది, మేము కొడతాం. అది ప్రొఫైల్‌లో ఎక్కిందో లేదో మాకెట్ల తెలియాల?

కొండారెడ్డి బురుజు పక్కనోడు:

మీరు తెలుసుకోనక్కర్లేదప్పా, మిషన్‌తోనే చెప్పించొచ్చు. ఐపీఎల్‌కు ముందు ఒక బ్యాచ్ జాబు పెట్టండి. టీఎస్ఓ నెట్‌స్టాట్ కమాండ్‌తో హోమ్, రూట్, డెవ్‌లింక్స్, పోర్ట్‌లిస్ట్ నాలుగూ ఒక డేటాసెట్‌లోకి తీసేది. ఐపీఎల్ అయినాక అదే జాబు ఇంకో డేటాసెట్‌లోకి. రెండింటినీ ఐఎస్‌పీఎఫ్ 3.12 లో సూపర్‌సీతో పోల్చండి. ఏ లైను పోయిందో అప్పుడే కనపడుతుంది, బ్యాచ్ పడిపోయేదాకా ఎదురు చూడనక్కర్లే.

ఆదోని విద్యార్థి:

సార్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇవన్నీ ఇంట్లో నేర్చుకునే దారి ఉందా? హెర్క్యులీస్‌లో (పీసీ మీద మెయిన్‌ఫ్రేమ్‌ను నడిపే ఎమ్యులేటర్) జెడ్ఓఎస్‌కు పాత తరమైన ఎమ్‌వీఎస్ 3.8జె పెట్టినాను, టీసీపీఐపీ ఎక్కడా కనపడలేదు.

కొండారెడ్డి బురుజు పక్కనోడు:

కనపడదు నాయనా, అది 1981 నాటి సిస్టమ్, దాంట్లో టీసీపీఐపీ స్టాక్ లేదు. నువ్వు 3270 ఎమ్యులేటర్‌తో కనెక్ట్ అయ్యేది కూడా హెర్క్యులీస్ నీ ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌ను టెర్మినల్ లాగా చూపించబట్టే. కానీ వీట్యామ్ ఉంది. సిస్1.వీట్యామ్‌లిస్ట్ తెరువు, మెంబర్లు చదువు, ఒక నోడ్‌ను కన్సోల్ నుంచి ఆపి మళ్ళా లేపు. ఎస్ఎమ్‌పీఈకి తాత లాంటి ఎస్ఎమ్‌పీ4 కూడా ఉంది, రిసీవ్, అప్లై, యాక్సెప్ట్ అదే వరస. అసలు జెడ్ఓఎస్ చూడాలంటే ఐబీఎమ్ జెడ్ ఎక్స్‌ప్లోర్‌లో ఉచితంగా ఐడీ తీసుకో. కన్సోల్ అధికారం ఇవ్వరు గానీ జేసీఎల్, డేటాసెట్లు, యూనిక్స్ షెల్ చేతికి అలవాటవుతాయి.

ప్రొద్దుటూరు నైట్‌షిఫ్ట్:

అన్నా, అయిపోయింది. సింటాక్స్‌చెక్‌లో ఒక తప్పు చూపించింది, ఇంక్లూడ్‌లో డేటాసెట్ పేరు. సరిచేసి ఓబే కొట్టినాం, 10.40 వచ్చింది, నా సెషన్ కూడా ఊగలేదు. నిలబడిపోయిన ఎఫ్‌టీపీ జాబులు రీస్టార్ట్ చేసినాం. కేసు మూసేసినాం. కారణం కాలమ్‌లో లీడ్ ఇంకా "పీటీఎఫ్" అనే రాసి ఉంటే సిస్‌లాగ్ లైను అంటించి పంపినాను, మారుస్తానన్నాడు.

మీరు చెప్పినట్టు ప్రొడక్షన్‌లో నడిచే రూట్లు తీసి ప్రొఫైల్‌తో సూపర్‌సీ పెట్టినాను. అక్కడ కూడా ప్రొఫైల్‌లో లేనిది ఒకటి తేలింది, దాంతోపాటు ఏటీసీకాన్‌లో లేని టీఆర్ఎల్ ఒకటి. ప్రొడక్షన్ ఐపీఎల్ వచ్చే ఆదివారం. చేంజ్ టికెట్ ఇప్పుడే వేస్తున్నాను.