అప్‌డేట్: మా అమ్మాయి ఆనర్స్ డిసర్టేషన్‌పై కమిటీ నిర్ణయం

బెంగళూరులో ఆనర్స్ విత్ రీసెర్చ్ (పరిశోధనతో కూడిన నాలుగేళ్ల డిగ్రీ) చదువుతున్న మా అమ్మాయి డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) 22 శాతం ఇతరుల రచనలతో సరిపోలిందని కాలేజీ నోటీసు ఇచ్చినప్పుడు, ఆమెను ఆనర్స్ నుంచి తొలగిస్తారా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో ఇతరుల రచనల కాపీని అరికట్టేందుకు తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించిన ప్రతిని కోరాలే తప్ప, రిజిస్ట్రేషన్ రద్దు 60 శాతం దాటినప్పుడే వర్తిస్తుందని, ఈ విషయం పరిశీలిస్తున్న కాలేజీ కమిటీకి విన్నవించాము. మూలం పేర్కొన్న ఉల్లేఖనలను, గ్రంథసూచిని లెక్క నుంచి మినహాయించాలన్న నిబంధనను కూడా వారు అంగీకరించడంతో శాతం 14కు తగ్గింది. రెండో అధ్యాయంలో మూలం చూపకుండా రాసిన పేరాలను తిరగరాయమన్నారు, అది న్యాయమే.

ఆనర్స్ విద్యార్థుల నుంచి మరింత నిజాయితీని ఆశించడం సబబే గానీ, ఆ నియమాలను ప్రవేశ సమయంలోనే రాతపూర్వకంగా ఇవ్వాలని కోరాను. వచ్చే ఏడాది హ్యాండ్‌బుక్‌లో చేరుస్తామని ప్రిన్సిపల్ గారు చెప్పారు.